పసివాని పోలిక

తిరుమల ఆలయమున ప్రవేశించినవారికి కృష్ణరాయ మండపమున శ్రీకృష్ణదేవరాయలు ఇరువురు రాణులతో గూడి చేతులు జోడించి నిలిచిన లోహప్రతిమలు కనబడును. ఆయన 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలెను. ఆ రాజ్యము గతించి శతాబ్దములు గడచినను, యాత్రికులు నేటికిని ఆ మూర్తుల యెదుట నిలిచి, "వీరే రాయలవారు" అని పిల్లలకు చూపుచుందురు. మనుష్యుని రూపమును నిలుపు విద్య ఎంత గొప్పదో దీనివలన తెలియగలదు.

పెద్దలు చిత్రకారుని యెదుట గంటలకొలది కదలక కూర్చుండగలరు. రెండేండ్ల పసివాడు రెండు నిమిషములైనను కూర్చుండడు. అందుచేత పసివారి రూపములను చిత్రించువారు తఱచుగా ఛాయాచిత్రమును ఆధారముగా గొందురు. ఛాయాచిత్రణము 1839లో లోకమునకు వెల్లడియైనది. రాజా రవివర్మ (1848–1906) వంటి మేటి చిత్రకారుడును దాని సాయమును గైకొనెను. "పటమును జూచి పటము వ్రాయుటలో విద్య యేమున్నది?" అని మీరడుగవచ్చును. చిత్రకారుడు పనిచేయు తీరును గమనించినచో సమాధానము దొరకును.

మొదటి పని పటముల నెన్నుకొనుట. ఒక్క పటము చాలదు. పెద్దవాడు నిలుచుండి పైనుండి తీసిన పటములో బిడ్డ తల పెద్దదై, కాళ్లు పొట్టివగును. మిక్కిలి దగ్గఱనుండి తీసినచో ముక్కు లావై, చెవులు వెనుకకు పోవును. బిడ్డ కన్నుల ఎత్తునకు వంగి, కొంత దూరమునుండి, కిటికీ వెలుతురు ఒక ప్రక్కనుండి పడునట్లు తీసిన పటము మేలైనది.

రెండవది రేఖల పని. పటముపై సన్నని గళ్లు గీసి, చిత్రించు గుడ్డపై అన్నియే గళ్లు పెద్దవిగా గీయుదురు. ఒక్కొక్క గడిలోని రేఖను దాని కెదురైన గడిలో బొగ్గుతో దించుదురు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కాల్చిన చింతపుల్లతో మొదటి రేఖలు గీయుట మీలో కొందఱు చూచియుందురు. ఇదియు నట్టిదే. పెద్దవాని యెత్తు తన తలకు సుమారు ఏడున్నర రెట్లుండును. ఏడాది బిడ్డ యెత్తు నాలుగు రెట్లు మాత్రమే. పెద్దల కన్నులు తల యెత్తులో నడుమ నుండును. పసివారి కన్నులు అంతకంటె దిగువ నుండును. వానిని కొంచెము పైకి జరిపినంతనే బిడ్డ చిన్న ముసలివాడై తోచును.

మూడవది వర్ణము. పూర్వపు ఛాయాచిత్రపు పలకలు ఎఱ్ఱని కాంతిని గ్రహింపలేకుండెను. అందువలన ఆనాటి పటములలో ఎఱ్ఱని కుంకుమబొట్టు నల్లగా గనబడును. నేటి రంగుల పటములును ఏండ్లు గడచిన కొలది వన్నె మాఱును. కావున చిత్రకారుడు తల్లిని అడుగవలెను: బిడ్డ చాయ యెట్టిది? పావడా యే రంగు? "కొంచెము తెల్లగా వ్రాయుడు" అని కోరువారును కలరు. చామనచాయ బిడ్డను తెల్లగా వ్రాసినచో అది వేఱొకరి బిడ్డ యగును.

మన ప్రాంతమున ఒక ముచ్చట కలదు. తలనీలాలు సమర్పించుటకు ముందు కొడుకునకు జడవేసి, పూలు ముడిచి, పావడా కట్టి పటము తీయింతురు. పిదప గుండునకు చందనము పూసి మఱియొకటి తీయింతురు. రెంటిని ప్రక్కప్రక్కన నుంచినచో ఇద్దఱు బిడ్డలవలె గనబడుదురు. చిత్రకారుడు ఆ రెండింటిలోను మాఱనిదానిని వెదకును. కనుబొమల నడిమి యెడము, చెవి వంపు, పెదవి కొస—జుట్టు పోయినను పోనివి ఇవియే. పోలిక యనగా నిదియే.

కొన్ని యిండ్లలో ఆ బిడ్డ ఇప్పుడు లేడు. బంధువులందఱు గూడి తీయించుకొన్న పటములో గోరంత ముఖము మాత్రమే మిగిలియుండును. అప్పుడు చిత్రకారుని బాధ్యత మఱింత పెద్దది. మసకబాఱిన చోటును అతడు తన యూహతో నింపరాదు. తోబుట్టువులను జూడవలెను, తల్లి చెప్పుదానిని ఓపికతో వినవలెను, వ్రాసినదానిని ఆమెకు చూపి దిద్దుకొనవలెను. ఎంత అందమైనదైనను పరాయి ముఖము ఆ తల్లికి ఓదార్పు కాజాలదు. చెక్కిలిపై దిష్టిచుక్క యున్నచో దానిని మచ్చయని తుడిచివేయరాదు. అది ఆమె స్వహస్తముతో పెట్టినది.

బాలలారా! మీ తమ్ముని పటము నొకదానిని తీసికొని, నెత్తి మొదలు గడ్డము వఱకు కాగితపు ముక్కతో కొలిచి, కన్నులు ఎచ్చటనున్నవో చూడుడు. దినమంతయు మీతో నాడుకొను ఆ ముఖమును మీరింతవఱకు ఎంత తక్కువగా చూచితిరో మీకే తెలియును.