మేత మొక్కజొన్నలో కత్తెర పురుగు: గుర్తుపట్టడం ఎలా?

పచ్చిమేత తగ్గితే పాలూ తగ్గుతాయి. అందుకే కురబలకోట ప్రాంత సంఘ సభ్యులకు ఈ పురుగును గురించి తెలియజేస్తున్నాము.

అమెరికా ఖండాలకు చెందిన కత్తెర పురుగును మన దేశంలో మొదట 2018 మే నెలలో, పొరుగున ఉన్న కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో గుర్తించారు. తల్లి పురుగు ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల వరకు ఎగరగలదు. అదే సంవత్సరం అది ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రవేశించి స్థిరపడింది.

గుర్తులు: లద్దెపురుగు తలపై ఇంగ్లీషు ‘వై’ అక్షరం తలక్రిందులుగా వ్రాసినట్లుంటుంది. తోక దగ్గర 4 నల్లని చుక్కలు చతురస్రంగా ఉంటాయి. పిల్ల పురుగులు ఆకుపై పచ్చదనాన్ని గోకి తినగా తెల్లని పొరలు మిగులుతాయి. పెద్దవి మొవ్వులో దూరి, రంపపు పొట్టువంటి రెట్టను వదులుతాయి.

మొలకెత్తినది మొదలు వారానికి 2 సార్లు చేనులో 5 చోట్ల మొక్కలను పరిశీలించి, పురుగు తగిలిన వాటి లెక్క వ్రాసుకోవాలి. ఎకరాకు 5 లింగాకర్షక బుట్టలు పెడితే తల్లి పురుగుల రాక ముందుగా తెలుస్తుంది. గుడ్ల గుంపులు కనబడగానే నలిపివేయాలి.

వ్యవసాయాధికారిని అడగకుండా మేతపై మందు చల్లరాదు. మందు చల్లిన మేతను గడువు తీరకముందు పశువులకు వేస్తే, ఆ విషం పాలలోకి రావచ్చు. ఆ పాలు త్రాగేది మన పిల్లలే.