అడవి మాంసం ఎవరి సొత్తు?



మన ఊళ్లలో 'వేట మాంసం' అంటే మేకదో, పొట్టేలుదో. ఈ వ్యాసం దాని గురించి కాదు, అడవి జంతువుల మాంసం గురించి. అడవిలో తిరిగే జింక ఎవరిది? భూమి యజమానిదా, ప్రభుత్వానిదా, ప్రజలందరిదా? ఒక్కో దేశం చెప్పిన జవాబును బట్టి అక్కడి వేట నీతి ఏర్పడింది.

1. జర్మనీ

పూర్వం అక్కడ వేట రాజులకు, ప్రభువులకు చెందిన హక్కు. అడవిపందులు పంట మేస్తున్నా రైతు వాటిని చంపరాదు. 1848 విప్లవంతో ఆ పెత్తనం పోయి, వేట హక్కు భూమి యాజమాన్యంతో ముడిపడింది. నేడు కఠినమైన పరీక్ష పాసైనవారికే లైసెన్సు. దాన్ని జనం 'ఆకుపచ్చ అబిటూర్' అంటారు. అబిటూర్ మన ఇంటర్మీడియట్ వంటిది. చనిపోయిన జంతువు నోట్లో చిన్న కొమ్మ పెట్టి, 'చివరి ముద్ద'గా గౌరవించడం వారి ఆచారం. మాంసం అమ్ముకోవచ్చు. అయితే అడవిపంది మాంసంలో ట్రైకినెల్లా అనే పురుగు లేదని పరీక్షించాకే అమ్మాలి.

2. అమెరికా

ఇక్కడ అమ్మకమే పెద్ద దోషం. దానికి కారణం చరిత్రలో ఉంది. వందల కోట్ల సంఖ్యలో ఉండిన పాసెంజర్ పావురాలను 19వ శతాబ్దంలో మాంసం వ్యాపారం కోసం చంపారు. వాటిలో చివరిది 1914లో సిన్సినాటి జంతు ప్రదర్శనశాలలో చనిపోయింది. 1900లో వచ్చిన లేసీ చట్టం, చట్టవిరుద్ధంగా వేటాడిన జంతువులను రాష్ట్రాల మధ్య రవాణా చేయడాన్ని నేరం చేసింది. అడవి జంతువులు ప్రజలందరివి, ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే అన్నది వారి సూత్రం. లైసెన్సుతో వేటాడిన జింకను తినవచ్చు, పంచిపెట్టవచ్చు, కానీ సాధారణంగా అమ్మరాదు. అలాస్కా వంటి రాష్ట్రాల్లో తినదగిన మాంసాన్ని వదిలేసి రావడం కూడా శిక్షార్హమే.

3. ఇనుయిట్ ప్రజలు

గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడాల మంచు నేలలో పైరు పండడం చాలా అరుదు. అక్కడి ఇనుయిట్‌లకు సంప్రదాయంగా సీల్ మాంసం ముఖ్యమైన తిండి, తోలు బట్ట. 2009లో ఐరోపా సమాఖ్య సీల్ ఉత్పత్తుల అమ్మకాన్ని నిషేధించినా, ఇనుయిట్‌లు జీవనం కోసం సంప్రదాయంగా వేటాడినవాటికి మినహాయింపు ఇచ్చింది. సరదా వేరు, వ్యాపారం వేరు, ఆకలి వేరు అని ఆ చట్టం గుర్తించింది.

4. మన దేశం

మన రాజులకు వేట వినోదం. మన దేశపు చివరి మూడు చీతాలను 1947లో కొరియా సంస్థానపు రాజు కాల్చాడని చెబుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కొన్ని జంతువులకు లైసెన్సు వేటను మిగిల్చింది. 1991 సవరణ దాన్నీ తొలగించింది. ప్రాణాపాయం వంటి కొద్ది సందర్భాల్లో తప్ప వేట నేరమే. రక్షిత జంతువు మాంసాన్ని కొన్నా, దగ్గర ఉంచుకున్నా నేరమే.

ఈ నిషేధం రాజుకూ, నల్లమల చెంచుకూ ఒక్కటే. కానీ రాజు కోల్పోయింది వినోదం, చెంచు కోల్పోయింది కూడు. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు తేనె, బంక వంటి చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై హక్కు ఇచ్చింది. సంప్రదాయ వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది.

ముగింపు

మిగిలిన అడవి కొంచెమే కనుక మన చట్టాన్ని గౌరవించవలసిందే. 'దుప్పి మాంసం దొరికింది, రా' అని ఎవరు పిలిచినా వెళ్లకండి. అయితే అడవి కోసం తిండి వదులుకున్నవారికి భూమి, పని, చదువు ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. అది దయ కాదు, బాకీ.

ఇంకొక్క మాట. తుపాకీతో సరదాకు చంపినవాడి ఫొటో బంగళా గోడకెక్కింది. ఉడుమును, కుందేలును కొట్టి పిల్లల కడుపు నింపినవాడికి 'అనాగరికుడు' అన్న పేరు వచ్చింది. తిండిని బట్టి మనిషికి విలువ కట్టడం మన సమాజంలో పాత జబ్బు. మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటివాడిగా నేను తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఒక్కటే. ఏ జాతి తిండినైనా చూసి నవ్వేముందు, వారికి ఆ తిండి ఎందుకు అవసరమైందో చదవండి.