తిడితే పని జరుగుతుందా?

కింద పనిచేసే వారిని పదిమందిలో కించపరచడం, వారి శ్రమను తన ఘనతగా చెప్పుకోవడం, ఇతరుల మీది కోపాన్ని వారి మీద చూపడం, రోజుల తరబడి పలకరించకుండా వెలివేసినట్టు ఉంచడం వంటివి ఒకనాటి ఆవేశంగా కాక అలవాటుగా సాగితే, ఆ ధోరణిని వేధింపు పర్యవేక్షణ అనవచ్చు. అమెరికన్ పరిశోధకుడు బెన్నెట్ టెప్పర్ 2000లో ఇచ్చిన నిర్వచనంలో చెయ్యి చేసుకోవడం చేరదు. మాటలూ చేష్టలూ మాత్రమే లెక్కలోకి వస్తాయి, వాటినైనా అధికారి ఉద్దేశంతో కాక ఉద్యోగి అనుభవంతోనే కొలవాలి.

తిట్టకపోతే పని జరగదన్న నమ్మకం మన కార్యాలయాల్లో బలంగా పాతుకుపోయింది. దానిని నేరుగా ప్రశ్నించే ప్రయోగం ఒకటి ఇజ్రాయెల్‌లో జరిగి 2015లో వెలువడింది. నవజాత శిశువుల అత్యవసర చికిత్సా విభాగాల్లో పనిచేసే 24 వైద్య బృందాలకు, పేగులు దెబ్బతిని పరిస్థితి హఠాత్తుగా విషమించిన నెలలు నిండని శిశువు స్థానంలో ఒక బొమ్మను ఉంచి, చికిత్స చేయమన్నారు. కొన్ని బృందాలను పరిశీలకుడిగా పరిచయమైన విదేశీ నిపుణుడు కాస్త చులకన చేసి మాట్లాడాడు. అతడు వారి అధికారి కాడు, గట్టిగా అరవనూ లేదు. అయినా ఆ బృందాలు రోగనిర్ధారణలోనూ చికిత్సలోనూ వెనుకబడ్డాయి. కారణం గమనించదగ్గది: వారు తమకు తెలిసిన విషయాన్ని ఒకరితో ఒకరు పంచుకోవడం తగ్గింది, సాయం అడగడమూ తగ్గింది. చులకనైన మనిషి ముందుగా మానేసేది నోరు విప్పడమే. ఒక బయటివాడి మాటకే ఇంత జరిగితే, జీతం, సెలవు, పదోన్నతి చేతిలో ఉన్న మనిషి ఏళ్ల తరబడి అనే మాటలకు ఎన్ని పొరపాట్లు ఎవరికీ తెలియకుండా కప్పబడిపోతాయో ఊహించవచ్చు.

ఆ మౌనం ఇంటికి చేరేసరికి మరో రూపం తీసుకుంటుంది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, ఎదురు చెప్పలేని చోట అణచుకున్న కోపం ఎదురు చెప్పలేని వారి మీదికి మళ్లుతుంది. దీనినే మనస్తత్వ శాస్త్రం స్థానభ్రంశం చెందిన దూకుడు అంటుంది. అధికారి మాటలకు మూల్యం ఆయన పేరైనా తెలియని పిల్లలు చెల్లించడం ఈ వ్యవహారంలో అన్నిటికన్నా బాధాకరమైన అంశం.

ఇలాంటి వేధింపు దుష్ఫలితాల్లో కొన్ని మరో ఉద్యోగం దొరకదనుకునే వారిలో మరింత తీవ్రంగా ఉంటాయని టెప్పర్ అధ్యయనం తేల్చింది. అమెరికాలో హెచ్-1బి వీసా మీద పనిచేసే వేలాది తెలుగువారి పరిస్థితి ఇలాంటిదే: ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల్లో మరో యజమానినో మరో వీసానో చూసుకోవాలి, లేదా దేశం విడవాలి. మన దేశంలో ఏటా గడువు పొడిగింపు కోసం ఎదురుచూసే కాంట్రాక్టు ఉద్యోగి భయమూ దీనికి భిన్నం కాదు.

కనుక "సర్దుకుపోవాలి" అనే సలహా, వ్యక్తిత్వ వికాసం పేరిట ఎంత విరివిగా వినిపించినా, అసలు భారాన్ని దెబ్బతిన్నవారి మీదే మోపుతుంది. వారికి నిజంగా అక్కరకొచ్చేది విడదీసి వినే నేర్పు. "ఈ నివేదికలో లెక్క తప్పింది" అన్నది పని గురించిన మాట, దానిని స్వీకరించి దిద్దుకోవాలి. "నీకు బుర్ర లేదు" అన్నది మనిషి గురించిన మాట, దానిని తన గురించిన సత్యంగా లోపలికి తీసుకోనక్కరలేదు. ఈ నేర్పు ఒంటరిగా నిలవదు, నమ్మకమైన ఒక సహోద్యోగితోనైనా జరిగింది చెప్పుకోవాలి. చట్టం అండ విషయానికొస్తే, మన దేశంలో 2013 నాటి చట్టం పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపులకే పరిమితం; జపాన్‌లో మాత్రం అధికార బలంతో చేసే వేధింపును అరికట్టే బాధ్యతను చట్టం 2020 జూన్ నుంచి పెద్ద సంస్థల మీద, 2022 ఏప్రిల్ నుంచి చిన్న సంస్థల మీద పెట్టింది. అలాంటి రక్షణ లేనిచోట, ఏ తేదీన, ఎవరి ఎదుట, ఏ మాట అన్నారో ఆనాడే రాసిపెట్టుకోవడం, నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని మెయిల్‌లో తిరిగి రాసి ధ్రువీకరించమని అడగడం తరువాతి ఫిర్యాదుకు ఆధారమవుతాయి. పైగా, తప్పంతా తనదేనేమో అన్న అనుమానం కమ్ముకున్న రాత్రి, జరిగింది జరిగినట్టుగా ఆ కాగితం మీద కనిపిస్తుంది.