విండోస్ లేకున్నా ఆటలు ఆడుకోవచ్చు – లినక్స్ పాఠం



మన ల్యాబులో మూలకు పెట్టిన కంప్యూటర్లను చూసి "కొత్త విండోస్ ఎక్కదు, ఇవి తుక్కుకే" అని అందరం అంటున్నాం. వాటి మీద చదువుకోవచ్చు, ఆటలు కూడా ఆడుకోవచ్చు. ఎట్లాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. లినక్స్ అంటే ఏమిటి?

కంప్యూటరును నడిపించే ముఖ్యమైన ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్ అట్లాంటిదే. దానిని మైక్రోసాఫ్ట్ కంపెనీ అమ్ముతుంది. లినక్స్ ఇంకొకటి. 1991లో ఫిన్లాండ్ దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి దీన్ని రాయడం మొదలుపెట్టాడు. దీని లోపలి కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, ఇంకొకరికి కాపీ ఇవ్వొచ్చు. అది దొంగ కాపీ కాదు. దీని గుర్తు టక్స్ అనే పెంగ్విన్ పక్షి.

2. మనం ముందే చూశాం!

సెలవులకు ఇంటికి పోయినప్పుడు అన్నల ఆండ్రాయిడ్ ఫోనులో ఆట ఆడతాం కదా! ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లినక్సే. మన శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. మన మీదుగా రోజూ విమానాలు పోతుంటాయి. చాలా పెద్ద విమానాల్లో సీటు వెనుక ఉండే చిన్న టీవీ కూడా లినక్స్ మీదే నడుస్తుంది. అందులో సినిమాలతో పాటు ఆటలు కూడా ఉంటాయి.

3. లినక్స్‌లో దొరికే ఆటలు (అన్నీ ఉచితం)

• టక్స్‌మ్యాథ్: లెక్కలు రాసిన తోకచుక్కలు పైనుంచి పడుతుంటాయి. జవాబు టైపు చేస్తే పేలిపోతాయి. ఆలస్యమైతే కింద ఉన్న పెంగ్విన్ల ఇండ్లు దెబ్బతింటాయి. ఎక్కాలు రాని వాళ్లకు మంచి మందు.
• జీకాంప్రి: ఫ్రాన్సులో 2000లో పుట్టింది. వందకు పైగా చిన్న ఆటలున్నాయి. 5వ తరగతి చెల్లెళ్లకు బాగుంటుంది.
• టక్స్ పెయింట్: బొమ్మలు వేయడానికి.
• సూపర్‌టక్స్: మారియో లెక్క దుంకుతూ పోయే ఆట.
• సూపర్‌టక్స్‌కార్ట్: బండ్ల పందెం. దీనికి కొంచెం బలమైన కంప్యూటరు కావాలి.

4. విండోస్ ఆటలు లినక్స్‌లో ఆడొచ్చా?

చాలా వరకు ఆడొచ్చు. అందుకు వైన్ అనే ప్రోగ్రాము ఉంది. 1993లో మొదలైంది. ఆసుపత్రిలో డాక్టరు గారు తెలుగులో చెప్పింది మనం అవ్వకు మన భాషలో చెబుతాం కదా, వైన్ పని అదే. విండోస్ ఆట అడిగింది లినక్స్‌కు అర్థమయ్యేటట్టు చెబుతుంది. 2018లో వాల్వ్ కంపెనీ వైన్‌ను ఆధారం చేసుకొని ప్రోటాన్ తెచ్చింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి ఆటయంత్రం లినక్స్ మీదే నడుస్తుంది. కానీ అన్నీ ఆడవు. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటివి రావు. పాత కంప్యూటరు మీద పెద్ద ఆటలు ఎట్లాగూ నడవవు.

5. పాత కంప్యూటరులో ఎట్లా చూడాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాయం 2025 అక్టోబర్ 14తో మామూలుగా ఆగిపోయింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, ఇంకా టీపీఎం అనే భద్రతా చిప్ కావాలి. పాతవాటిలో అవి ఉండవు. లినక్స్ మింట్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలిక రకానికి 2 జీబీ ర్యామ్ ఉన్నా సరిపోతుంది.

అ) కంప్యూటర్ సారు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించాలి.
ఆ) పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటరు ఆన్ చేస్తూ ఎఫ్12 లాంటి మీట నొక్కాలి. కంపెనీని బట్టి మీట మారుతుంది.
ఇ) పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడుస్తుంది. లోపలి ఫైళ్లకు ఏమీ కాదు. నచ్చితేనే, ఫైళ్లు వేరేచోట దాచిపెట్టి, పూర్తిగా ఎక్కించాలి.

6. ఆటతో మనకేం లాభం?

పట్నం పిల్లలు ఆటలాడుతూనే మౌసు, కీబోర్డు నేర్చుకుంటారు. మనలో చాలామందికి ఇంట్లో కంప్యూటరు లేదు. ఇంజనీరింగు, ఫార్మసీ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కంప్యూటరు మీదే రాయాలి. ఆ రోజే మొదటిసారి మౌసు పట్టుకుంటే, జవాబు తెలిసినా చేతులు వణుకుతాయి. తెలివి లేక కాదు, అలవాటు లేక.

ఇంకో లాభం భాష. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు లినక్స్‌ను తెలుగులో తెచ్చారు. కోడ్ అందరిదీ కాబట్టి వాళ్లకు వీలైంది. అట్లాగే రేపు మనం నేర్చుకొని ఆటల్లో మాటలను లంబాడి, గోండి, కోయ భాషల్లో పెట్టొచ్చు. దానికి ఏ కంపెనీనీ అడగక్కరలేదు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు లినక్స్ మీదే కంప్యూటరు పాఠాలు నేర్చుకుంటున్నారు. మనమెందుకు నేర్చుకోలేం?

కావున వార్డెన్ మేడం గారికి మనవి. తుక్కుకు వేసే ముందు ఒక్క కంప్యూటరులో పెన్‌డ్రైవ్ పెట్టి చూడనివ్వండి. నడిస్తే ఆదివారం ఒక గంట వంతులవారీగా కూర్చుంటాం. చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు తర్వాత.

ప్రశ్నలు (జవాబులు పాఠంలోనే ఉన్నాయి):
1. వైన్ ఏ పని చేస్తుంది?
2. పెన్‌డ్రైవ్ నుంచి నడిపితే లోపలి ఫైళ్లు పోతాయా?
3. ఫోనులో ఉన్న లినక్స్ పేరేమిటి?

– 9వ తరగతి విద్యార్థిని