కారుకు కొత్త స్ప్రింగులు: ఎంపికకు ముందు

తార్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనికి వచ్చే కారు ఏదైనా స్పీడ్ బ్రేకర్లను దాటక తప్పదు. వేగం గల కారుకు సస్పెన్షన్‌ను మార్పించదలచిన విద్యార్థులు అంగడికి వెళ్ళే ముందు తాము నిత్యం తిరిగే దారిని పరిశీలించాలని మా మనవి.

స్ప్రింగు కారు బరువును మోస్తుంది. కుదుపులోని శక్తిని దాచుకొంటుంది. మెకానిక్కులు షాక్ అబ్జార్బరు అని పిలిచే సాధనం ఆ శక్తిని లోపలి నూనె ద్వారా వేడిగా మార్చి, ఊగిసలాటను అణచివేస్తుంది. ఇవి జంటగా పని చేస్తాయి. స్ప్రింగు గట్టిదనాన్ని రెట్టింపు చేస్తే కారు ఊగే వేగం సుమారు 1.41 రెట్లవుతుంది. పాత షాక్ అబ్జార్బరు దానిని అదుపు చేయలేక, గతుకుల మీద చక్రం నేలను వీడుతుంది. నేలను వీడిన చక్రానికి బ్రేకు లేదు, స్టీరింగు లేదు.

మా పూర్వ విద్యార్థి ఒకరు పొట్టి స్ప్రింగులు వేయించి కారును 4 సెంటీమీటర్లు దించారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు. తొలి వారంలోనే కారు అడుగుభాగం దానికి తగిలింది.

కనుక మొదట మంచి టైర్లు, అరిగిన బుష్షుల మార్పిడి. పిదప షాక్ అబ్జార్బర్లు. అప్పటికీ చాలకుంటేనే వాటికి తగిన స్ప్రింగులు. వాహనపు మార్పులకు 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను విధించిన హద్దులను కూడా ముందే తెలుసుకోవాలి.

గట్టిదనం వేరు, పట్టు వేరు. మన ప్రాణాన్ని కాపాడేది పట్టు.