వేపాకు పొగ ఏ దోమను తరుముతుంది?

పిల్లలూ! కూచిపూడిలో భామాకలాపం ఆడుతుంటే ఒకప్పుడు జనం చాపలు పరచుకుని తెల్లవార్లూ చూసేవారు. చుట్టూ వరిచేలు, పంట కాలువలు. దోమలు ఊరుకుంటాయా? మా చిన్నతనంలో సందెవేళ కుంపటిలోని నిప్పులమీద పచ్చి వేపాకు, వావిలాకు వేసి ఇల్లంతా పొగ పెట్టేవారు. దోమల మాట ఎలా ఉన్నా మా కళ్ళవెంట మాత్రం ధారలు కట్టేవి! ఇంతకీ ఆ పొగలో పస ఉన్నదా?

ముందుగా దోమ మనల్ని ఎలా కనిపెడుతుందో చూద్దాం. కుట్టేది ఆడదోమ మాత్రమే. గుడ్లు తయారు కావడానికి దానికి రక్తం కావాలి. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, చెమటలోని లాక్టిక్ ఆమ్లం, ఒంటి వెచ్చదనం దానికి దారి చూపుతాయి. వాసనలను ముఖ్యంగా దాని స్పర్శశృంగాలు పసిగడతాయి. ఘాటైన ఆకుల నూనె ఆవిరి గాలిలో కలిసినప్పుడు దోమ దారి తప్పుతుంది, లేదా తొలగిపోతుంది. నిమ్మగడ్డిలోని సిట్రాల్ అటువంటిదే. పొగలో పస ఉన్నమాట నిజమే. కాని రోజూ అదే పొగ పీలిస్తే మన ఊపిరితిత్తులకూ చేటే.

ఇంకొక సంగతి. ఈ వాసనలు దోమను తరుముతాయి గాని చంపవు. నరాల మీద దెబ్బకొట్టి చంపేవి పైరెత్రిన్లు. అవి చామంతి కుటుంబానికి చెందిన ఒక పువ్వులో ఉంటాయి.

త్వరగా ఆవిరయ్యే నూనె త్వరగానే అయిపోతుంది. కావాలంటే మీరే చూడండి. రెండు కాగితపు ముక్కలు తీసుకోండి. ఒకదానిపై ఒక చుక్క నిమ్మగడ్డి నూనె వేయండి. రెండవదానిపై అదే చుక్కను నాలుగు చుక్కల కొబ్బరినూనెలో కలిపి వేయండి. అరగంటకొకసారి వాసన చూసి, ఏది ఎంతసేపు నిలిచిందో నోటుపుస్తకంలో వ్రాసుకోండి.

ఢిల్లీలోని మలేరియా పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు కొబ్బరినూనెలో నూటికి రెండు పాళ్ళు వేపనూనె కలిపి మనుషుల ఒంటికి పూసి పరీక్షించారు. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమలు 12 గంటలపాటు కుట్టలేదని 1993లో ప్రకటించారు. అది అనాఫిలిస్ సంగతి. మన మురుగు కాలువల్లో పెరిగి, రాత్రివేళ కుట్టి, బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమకూ అంతే ఫలితమని దీన్నిబట్టి తేల్చేయకూడదు. అన్నట్టు, వేపనూనె పైపూతకే. పసిపిల్లలకు తాగిస్తే ప్రమాదం.

ఇక డెంగీని మోసే ఏడిస్ దోమ కుట్టేది ఎక్కువగా పగటిపూట. నిన్న సాయంత్రం పెట్టిన పొగ, ఈ ఉదయం తరగతి గదిలో బల్లకింద మీ కాలిమీద వాలిన దోమను ఏమీ చేయలేదు గదా! అది గుడ్లు పెట్టేది మురుగులో కాదు. మూతలేని తొట్లు, కొబ్బరి చిప్పలు, పాత టైర్లలో నిలిచిన నీరు దానికి చాలు. గుడ్డు నుండి రెక్కల దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుకే తొట్టిని వారానికొకసారి ఖాళీచేసి, లోపలి గోడలను పీచుతో రుద్ది కడగమంటారు. గుడ్లు అంటుకుని ఉండేది ఆ గోడలకే.