పండ్రెండు మెట్ల కిన్నెర: దర్శనం మొగులయ్యగారి జీవితము, గానము

విద్యార్థులారా, 2021వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన “భీమ్లా నాయక్” అను చలనచిత్రములోని పాట యొకటి విడుదల యయ్యెను. మీలో దానిని విననివారు లేరనియే మేము తలంచుచున్నాము. ఆ దినములలో మన కొత్తకోట బస్సు స్టాండున ఒక అరగంట నిలిచినవానికి అది చెవిని పడకుండుట సాధ్యము కాలేదు. వేగమైన తాళము, పెద్ద వాద్యముల మ్రోత, అనేకుల గొంతులు గలిసిన ఆ ఆటపాటకు ముందు, ఒక వృద్ధుని గొంతు తీగెవాద్యము తోడుగా కొంతసేపు వినవచ్చును. ఆ గొంతు దర్శనం మొగులయ్యగారిది. ఆ వాద్యము కిన్నెర. ఆ కొద్దిసేపటి గానమువలన ఆయన పేరు తెలుగువా రున్న ప్రతి చోటికిని చేరెను. జనులు దానిని క్రొత్త సంగతిగా నెంచిరి. అది ఎంత ప్రాతదియో, దాని వెనుక ఏ విద్య యున్నదో, ఆ కీర్తి ఆ విద్యకు ఏమి చేసెనో, ఏమి చేయలేదో ఈ పాఠమున విచారింతము.

మొగులయ్యగారి స్వగ్రామము అవుసలికుంట. అది నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలములో, మనకు తూర్పుదిక్కున, నల్లమల అడవుల అంచున నున్నది. 2016లో జిల్లాలను విభజింపక పూర్వము ఆ గ్రామమును, ఇప్పుడు వనపర్తి జిల్లాలోనికి వచ్చిన మన కొత్తకోటయు, ఒక్క పాలమూరు జిల్లాలోనివే. కాబట్టి ఆయన మనకు పొరుగువారు. ఆయన డక్కలి కులమునందు జన్మించిరి. తండ్రి ఎల్లయ్యగారు కిన్నెర వాయించినవారే. కుమారునికి ఆ విద్య ఇంటనే అబ్బెను. పలక, బలపము, ఉపాధ్యాయుడు, తరగతి అనునవి ఆ విద్యాభ్యాసమున లేవు. తండ్రి వెంట ఊరూర తిరుగుటయే బడి, వినుటయే పాఠము, తప్పు పాడినచో వినువారి మొగములే పరీక్ష.

డక్కలివారనగా ఎవరో ముందు తెలిసికొనవలెను. తెలంగాణమునందు ప్రతి పెద్ద కులమునకును దాని కథను చెప్పి, దాని వంశములను జ్ఞాపక ముంచుకొని, దానివలన జీవనము పొందు ఆశ్రితకుల మొకటి యుండుట పూర్వాచారము. మాదిగవారికి అట్టివారు డక్కలివారు. జాంబపురాణము చెప్పుట, ఇంటింటి గోత్రములను, పెద్దల పేర్లను వరుసగా వినిపించుట వారి వృత్తి. ఏ యింట ఎవరు పుట్టిరి, ఆ తాతకు తండ్రి యెవరు, వారు ఏ యూరినుండి ఏ యూరికి తరలి వచ్చిరి అను లెక్క కాగితముమీద గాక వారి నాలుకమీద నుండెను. గ్రామములో అందరికంటె క్రింద నుంచబడిన కులమునకు దస్త్రము వ్రాసిపెట్టు కరణము లేడు గదా. ఆ పని చేసినవారు ఈ సంచారగాయకులే. వారికి లభించినది కొలది ధాన్యము, ప్రాతబట్ట, ఒక పూట భోజనము. ఊరి లోపల నివాసమునకు చోటు మాత్రము దొరకలేదు. తమను పోషించువారికంటెను తక్కువవారుగా వారు చూడబడిరి. అంటరానివారికిని అంటరానివారుగా ఉండుట ఎట్టిదో మనము ఊహించుకొనుటయే కష్టము.

ఇక వాద్యమును గూర్చి. కిన్నెరకు దండముగా వెదురుబొంగు ఉండును. దాని క్రింద ఎండిన సొరకాయ బుర్రలను కట్టుదురు. దండముమీద మెట్లను తేనెమైనముతో నిలుపుదురు. మెట్లమీదుగా తీగెలు పోవును. కుడిచేతితో తీగెను మీటుచు, ఎడమచేతి వ్రేళ్లతో మెట్లవద్ద నొక్కుచు వాయింతురు. నొక్కినచోట తీగె పొట్టిదగును. పొట్టిదైనకొలది త్వరగా కంపించును. త్వరగా కంపించినకొలది స్వరము హెచ్చును. తీగె పొడవులో సరిగా సగముచోట నొక్కి మీటినచో, నొక్కక మీటినప్పటి స్వరమే పై స్థాయిలో పలుకును. దీనిని మీరు విజ్ఞానశాస్త్రపు తరగతిలో ఒక తీగెతోను బల్లతోను పరీక్షించి చూడవచ్చును. తీగె యొంటరిగా చాల సన్నగా పలుకును. బోలుగానున్న సొరబుర్ర ఆ కంపమును గ్రహించి, లోపలి గాలిని కదలించి, శబ్దమును పెద్దది చేయును.

ఇచ్చట ఒక విశేషమును గమనింపుడు. సభలలో గౌరవము పొందు సరస్వతీవీణకు 24 మెట్లు. అవియు మైనముతోనే నిలుపబడును. దానికిని బుర్ర యున్నది, తీగెలున్నవి. కిన్నెరకును వీణకును సూత్రము ఒక్కటే. ఒకటి పనసకఱ్ఱతో చేయబడి గృహమున పట్టుబట్టలో నుండెను. మరియొకటి వెదురుతోను కాయతోను చేయబడి భుజముమీద ఎండలో నడచెను. మొగులయ్యగారి కిన్నెరకు మెట్లు పండ్రెండు. కావున “పండ్రెండు మెట్ల కిన్నెర” అను పేరే ఆయనకు బిరుదువలె నిలిచినది. అట్టి కిన్నెరను వాయింపగలవారు నేడు మిక్కిలి అరుదు.

కిన్నెర అను మాట విన్నంతనే మన బైబిలు విద్యార్థులకు మరియొకటి తోచవచ్చును. దావీదు సౌలు ఎదుట వాయించిన వాద్యమునకు హెబ్రీ మూలములోని పేరు కిన్నోర్. తెలుగు బైబిలులో దానిని సితారా అని అనువదించిరి. కిన్నోర్, కిన్నెర అను పదములు వినుటకు అక్కచెల్లెండ్రవలె నున్నవి. అంతమాత్రముచేత వానికి చుట్టరికము కలదని నిశ్చయింపరాదు. ధ్వనిసామ్యము సాక్ష్యము కాదు. అయినను గొఱ్ఱెల కాపరి చేతిలోని తీగెవాద్యము రాజమందిరమున ప్రవేశించుట అనునది మనకు చదివి యెరిగిన కథయే.

మొగులయ్యగారు పాడు కథలలో పాలమూరు వీరుల కథలు ముఖ్యమైనవి. వానిలో పండుగ సాయన్న కథ ప్రసిద్ధము. నిజాము ప్రభుత్వ కాలమున ధనికుల ధాన్యమును కొల్లగొట్టి బీదలకు పంచెనని, అందుకై ప్రాణము గోల్పోయెనని జనులు సాయన్నను గూర్చి చెప్పుకొందురు. సర్కారు దస్త్రములలో అట్టివాడు బందిపోటు. పాటలో అతడు వీరుడు. చరిత్ర నేర్చుకొను విద్యార్థి ఈ రెండింటిలో దేనిని నమ్మవలెనని అడుగవచ్చును. రెండింటిని పక్కపక్కన పెట్టి చదువుమని మేము చెప్పుదుము. దస్త్రము వ్రాసినవాడు జీతగాడు, పాట కట్టినవాడు ఆకలిగొన్నవాడు అని మాత్రము మరువరాదు.

ఇప్పుడు చలనచిత్రపు పాట యొద్దకు మరల వత్తము. ఆ పాటను వ్రాసినవారు రామజోగయ్య శాస్త్రిగారు, స్వరపరచినవారు తమన్‌గారు. “భీమ్లా నాయక్” 2020లో వచ్చిన “అయ్యప్పనుమ్ కోషియుమ్” అను మలయాళ చిత్రమునకు తెలుగు రూపము. నాయకుడు కల్పితుడు, అతని వంశమును కల్పితమే. అయినను మొగులయ్యగారు పాడిన ఆ మొదటి భాగపు కట్టుబడిని శ్రద్ధతో వినుడు. నాయకుని పేరు మొదట రాదు. మొదట పుట్టినచోటు వచ్చును. అదియు ఇది కాదు, అది కాదు అని త్రోసివేయుచు, చివరకు గుట్ట, వాగు, తండా, ఒక ముండ్ల చెట్టు అని చేరువ యగుచు వచ్చును. తరువాత తల్లి నొప్పులు, పుట్టిన వేళ. తరువాత తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు. ఇన్ని చెప్పిన పిమ్మట గాని బిడ్డ పేరు చెప్పబడదు. వినువాడు ఆ పేరుకొరకు ఎదురుచూచును. వచ్చినప్పుడు అది పిడుగువలె పడును.

ఇది సినిమావారు కనిపెట్టిన యుక్తి కాదు. డక్కలివాడు ఇంటి వాకిట నిలిచి వంశము చెప్పు పద్ధతి యిదే. మనిషిని పరిచయము చేయుట యనగా అతని నేలను, అతని పెద్దలను చెప్పుట. మత్తయి సువార్త మొదటి అధ్యాయము తెరచి చూడుడు. అందును పేర్ల వరుస ముందు, జననము తరువాత. పదునాలుగేసి తరములుగా మూడు కట్టలు కట్టి చెప్పబడుటచే అది కంఠస్థము చేయుట సుళువైనది. ఆదివారపు బడిలో ఆ పేర్లను విసుగుతో దాటిపోవు బాలురు, అదే పద్ధతి బస్సులో వినబడగా ఈల వేసిరి! విసుగు వరుసలో లేదు, వినిపించుటలో నున్నదని దీనివలన మాకు తోచుచున్నది. మేమును బోధకులమే గనుక ఈ మాట మాకే ముందు వర్తించును.

మరియొక సంగతి చెప్పక తప్పదు. పాలమూరు, నల్గొండ ప్రాంతపు మిషను సంఘములలోని కుటుంబములలో పెక్కింటి పూర్వులు మాదిగవారు. అనగా మన బడిలోని అనేకుల ముత్తాతల పేర్లు ఒకప్పుడు డక్కలివారి నోట నుండెను. బాప్తిస్మము పొందిన యిండ్లలో జాంబపురాణము చెప్పించుకొను ఆచారము నిలువలేదు. అది విశ్వాసమునకు సంబంధించిన విషయము. దానిని మేము తప్పుపట్టుట లేదు. మిషను వచ్చి బడి యిచ్చెను, చదువు నిచ్చెను, సంఘపు పుస్తకమున పేరు వ్రాసెను. అయితే ఆ పుస్తకము బాప్తిస్మము పొందిన దినమునుండియే ప్రారంభమగును. అంతకు పూర్వపు పేర్లు వ్రాయబడలేదు. చెప్పువాడును వాకిటికి రాలేదు. పురాణము విడిచినప్పుడు పేర్లను గూడ విడువవలసిన యగత్యము లేకుండెను. ఇది సంఘపెద్దలు ఆలోచింపదగిన మాట.

మొగులయ్యగారికి సన్మానములు ఆ పాటకు ముందే కొన్ని వచ్చెను. 2015లో తెలంగాణ ప్రభుత్వము ఉగాది పురస్కార మిచ్చెను. ఎనిమిదవ తరగతి సాంఘికశాస్త్రమునందు ఆయన కళను గూర్చి పాఠ్యాంశము చేర్చబడెను. పాట వెలువడిన పిమ్మట చిత్రనాయకుడు పవన్ కళ్యాణ్‌గారు రెండు లక్షల రూపాయల సాయము చేసిరి. ఆర్.టి.సి. బస్సును పొగడుచు మొగులయ్యగారు పాడగా ఆ సంస్థవారు ఉచిత ప్రయాణపు పాసు నిచ్చిరి. ఊరూర తిరుగుటయే వృత్తిగా గలవానికి ఇంతకంటె తగిన బహుమానము లేదని మా యభిప్రాయము. 2022 జనవరి 25న భారత ప్రభుత్వము పద్మశ్రీని ప్రకటించెను. మార్చి నెలలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారి చేతులమీదుగా ఆయన దానిని స్వీకరించిరి. రాష్ట్ర ప్రభుత్వము కోటి రూపాయలను, హైదరాబాదులో ఇంటిస్థలమును ప్రకటించెను.

2024 మే నెలలో మరియొక వార్త వచ్చెను. హైదరాబాదు చేరువనున్న తుర్కయంజాల్‌లో ఒక కట్టడమువద్ద పద్మశ్రీ మొగులయ్యగారు కూలిపని చేయుచున్న దృశ్యము సెల్‌ఫోనులలో అంతట వ్యాపించెను. వచ్చిన ధనము పిల్లల పెండ్లిండ్లకును, స్థలము కొనుటకును వ్యయమైనదని, నెలనెల రావలసిన గౌరవవేతనము అందుట లేదని ఆయన చెప్పిరి. పలువురు సాయమునకు ముందుకు వచ్చిరి. కొందరు మాత్రము కోటి రూపాయలను ఏమి చేసెనని ప్రశ్నించిరి. ఈ ప్రశ్న మాకు న్యాయముగా తోచదు. బిడ్డల పెండ్లికి, ఇంటికి డబ్బు పెట్టనివాడు మనలో ఎవడు? ఒక్కమారు ఇచ్చిన మొత్తము ఎంత పెద్దదైనను అది వృత్తి కాదు. పూర్వము డక్కలివానికి దొరకినది కొంచెమే. కాని పంటపంటకు దొరకెను, అడుగువారు ఊరూర నుండిరి. సన్మానము చేసినవారు శాలువా కప్పిరి గాని, మరల ఎప్పుడు వచ్చి పాడెదరని అడిగినవారు ఎందరు?

ఇట్టి విద్య వేరు దేశమున ఏమయ్యెనో కొంచెము చూతము. ఆఫ్రికా ఖండపు పశ్చిమభాగమున, మాలి, గినీ మొదలగు దేశములలో, గ్రియోలు అను గాయకకులము కలదు. వంశములను జ్ఞాపక ముంచుకొని పాడుట వారికిని కులవృత్తియే. వారి వాద్యము కోరా. పెద్ద సొరబుర్ర సగమునకు తోలు మూసి, 21 తీగెలు కట్టి దానిని చేయుదురు. గినీ దేశపు గ్రియో మోరీ కాంటే 1987లో “యే కే యే కే” అను పాటను యంత్రవాద్యములతో కలిపి పాడెను. అది ఐరోపా నాట్యశాలలలో మ్రోగి, పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయెను. మొగులయ్యగారి పాటవలెనే అక్కడను కులగాయకుని గొంతు ఆటపాటలో చేరి లోకమునకు వినబడెను. అయితే మాలి దేశపు బమాకో నగరమునందలి కళాశాలలో కోరా పాఠముగా చెప్పబడెను. తుమానీ జబాతే వంటి మహావిద్వాంసులే అందు గురువులైరి. ఇంటి విద్యకు బడి తోడయ్యెను. ఆట ఆగినను వాద్యము ఆగలేదు.

మన జిల్లాలలో సొరపాదు లేని పెరడు లేదు. నల్లమలలో వెదురునకును తేనెకును కొదువ లేదు. నేర్పగల గురువు ఒకరున్నారని మనకు తెలిసియున్నది. నేర్చుకొను శిష్యులకు దినభత్యమును, నేర్పు గురువునకు నెలజీతమును ఏర్పరచినచో ఒక కిన్నెరబడి నడపుట పెద్ద పని కాదు.

వేసవి సెలవులకు 9, 10 తరగతుల విద్యార్థులకు మేమిచ్చు పని యిది. ఇంటిలోని మిక్కిలి పెద్దవారి యొద్ద కూర్చుండి, తల్లివైపున, తండ్రివైపున, వెనుకకు ఎన్ని తరముల పేర్లు దొరకునో వ్రాసికొనుడు. స్త్రీల పేర్లను విడువకుడు. ప్రతి పేరుకు ఎదురుగా ఆ మనిషి పుట్టిన యూరు, ఆ పేరు మీకు చెప్పినవారి పేరు వ్రాయుడు. మీ యూరికి ఎప్పుడైన డక్కలివారు వచ్చుచుండిరా, కడపట ఎప్పుడు వచ్చిరి అని అడుగుడు. పేరు దొరకనిచోట ఊహించి వ్రాయవలదు. ఆ గడిని ఖాళీగానే యుంచి, జూను నెలలో బడి తెరచిన దినమున పుస్తకమును తీసికొని రండు.